రంగుల కార్డుకి పెట్టిన పసుపు

చనిపోయిన మనిషి పేరు మీద వచ్చిన పార్సెల్‌ని ఇంట్లోకి తీసుకోవచ్చా, కూడదా అన్న సంగతి కొత్తపేటలో మా అక్క అత్తగారింట్లో ఓ పూటంతా తేలలేదట. లారీ ఆఫీసు మనిషి రెండు అట్టపెట్టెల్ని అరుగు మీద దించి, "సంతకం ఎవరు పెడతారండీ?" అని అడిగాడు. లోపల్నించి ఎవరూ పలకలేదు. అతను కాసేపు చూసి, వీధిలో నిలబడి బీడీ ముట్టించాడు. ఆఖరికి మా అక్కే బయటికొచ్చి సంతకం పెట్టింది. పెద్ద పెట్టెలో రంగుల మానిటరు, చిన్న పెట్టెలో దాన్ని కంప్యూటరుకి కలిపే కార్డు. రెండూ మా బావగారు మద్రాసు మనిషికి చెప్పి తెప్పించుకున్నవే. సరుకు వచ్చేలోపు ఆయనకి జ్వరమొచ్చింది. కాకినాడ తీసుకెళ్ళే దారిలోనే అంతా అయిపోయింది.

ఇది ఎనభైల చివరి మాట. ఆ ఇంటి వీధి గదిలో బావగారి తండ్రి పెట్టిన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఆ పెద్దాయన పోయాక బావగారు కొన్ని టైపు మిషన్లు తీసేసి, ఆ చోట ఒక కంప్యూటరు పెట్టారు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. కొత్తపేట కొత్తపేటంతా వచ్చి చూసి వెళ్ళింది. కొబ్బరి దింపు తీసేవాళ్ళు కూడా కత్తి అరుగు మీద పెట్టి, లోపలికి తొంగిచూసి, "ఇదేం చేస్తదండీ?" అని అడిగేవారు. "మనం చెప్పింది చేస్తుందండీ" అనేవారు బావగారు. "ఆయ్, మా ఇంటిదానికన్నా నయమేనండీ" అని నవ్వుకుంటూ పోయేవారు వాళ్ళు.

మా అక్క బావగారి దగ్గరే నేర్చుకుని, ఆడపిల్లల బ్యాచికి తనే పాఠం చెప్పేది. ఆయన పోయాక ఆ మిషన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆయన తువ్వాలే దాని మీద కప్పి ఉంచారు. ఆయన కూర్చునే కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. ఇల్లు తుడిచే మనిషి కూడా ఆ కుర్చీని జరపకుండా చుట్టూ తుడిచేసి వెళ్ళేది.

అక్క అత్తగారిని నేనూ అత్తయ్యగారూ అనే పిలిచేదాన్ని. ఆవిడ ఆ గదిని ఎరువుల కొట్టుకి అద్దెకిచ్చేద్దామనుకున్నారు. నేను నడుపుకుంటానత్తయ్యా అని అక్క కాళ్ళావేళ్ళా పడింది. చివరికి ఆవిడ ఓ మాటకొచ్చారు. "వాడు ఆఖర్ని తెప్పించుకున్నది లేచి పనిచేస్తే ఆ గది నీకు అచ్చొచ్చిందనుకుంటాను. నువ్వే నడుపుకో. లేవలేదనుకో, ఇంక దాని ఊసెత్తకు." అలా మా అక్క బతుకు తెరువంతా అట్టపెట్టెలో ఉన్న ఓ కార్డు మీద వచ్చి పడింది.

నేనప్పుడు కాకినాడలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటరు పాఠాలు చెబుతున్నాను. పెళ్ళి కాలేదు. నోరెక్కువని మా నాన్న రోజూ తిట్టేవారు. ఇప్పటికీ తగ్గలేదనుకోండి, అది వేరే సంగతి. అక్క కబురు పెట్టగానే రావులపాలెం బస్సెక్కి, అక్కడ మరో బస్సు మారి, వానలో తడుస్తూ దిగాను. గుమ్మంలో అడుగు పెడుతూనే ముందు అదే కనపడింది. బావగారి చొక్కా ఇంకా కొక్కేనికే వేలాడుతోంది. దాని జేబులో పెన్ను కూడా అలాగే ఉంది. తడిసిన గొడుగు పట్టుకుని దాని ముందే నిలబడిపోయాను. లోపల్నించి ఆయన, "ఏమ్మా, బస్సు దొరికిందా?" అంటారేమోనని నిజంగా ఎదురుచూశాను.

అత్తయ్యగారు పక్కింటావిడ చేత పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పళ్ళెంలో సర్దించి నా కోసమే కూర్చున్నారు. "కొత్త వస్తువు. బొట్టు పెట్టకుండా మొదలెట్టకూడదమ్మా. నువ్వు కన్నెపిల్లవి, నువ్వు పెట్టు" అన్నారు. "ఈ ఇంట్లో బొట్టు పెట్టే చెయ్యే లేకుండా పోయింది."

ఆవిడా భర్త పోయిన మనిషే కదా. ఆ మాట తనని కూడా కలుపుకునే అన్నారు. కానీ చూపు మాత్రం తలుపు చాటున నిలబడ్డ అక్క మీదే ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయాను. అక్క వద్దని కళ్ళతోనే బతిమాలింది. నోరు మూసుకుని మానిటరుకో బొట్టు, కంప్యూటరు డబ్బాకో బొట్టు పెట్టి, కాయ కొట్టాను. అప్పుడు డబ్బా మూత విప్పి, పాత కార్డు పీకి, అక్క అందించిన కొత్త కార్డుని సందులో గట్టిగా నొక్కి కూర్చోబెట్టాను. కొత్త మానిటరు తగిలించి స్విచ్ వేశాను.

ఆ కంప్యూటరు లేచేటప్పుడు 'కిక్' మని ఒక్క చిన్న చప్పుడు చేసేది. ఇంట్లో అందరికీ ఆ చప్పుడు తెలుసు. పొద్దున్నే అది వినపడిందంటే బావగారు స్నానం చేసి పనిలో కూర్చున్నారని లెక్క. ఈసారి ఆ చప్పుడు రాలేదు. 'కూఁ...' అని సాగదీసి, ఆ వెనకే కిక్, కిక్ మంది. తెర నల్లగా ఉండిపోయింది.

వంటింట్లోకి వెళ్ళిన అత్తయ్యగారు పరుగెత్తుకుంటూ వచ్చారు. "ఎవరే అది? ఎవరే ఆ మూలిగింది?"

"ఎవరూ కాదండీ. మిషనండీ" అన్నాను.

"మిషను అలా మూలుగుతుందా? నేను వినలేదా, ఆ రాత్రి కారులో నా ఒళ్ళో... అచ్చం అలాగే మూలిగేడు నా తండ్రి" అంటూ గుమ్మంలోనే కూలబడిపోయారు.

దెయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. కానీ రెండోసారి స్విచ్ వేసేముందు కళ్ళు మూసుకున్నానని ఒప్పుకోవాలి. మళ్ళీ అదే మూలుగు. తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టాను. కార్డుని పక్క సందులోకి మార్చాను. ప్లగ్గు మార్చాను. వేసిన ప్రతిసారీ అదే వరస. వేసిన ప్రతిసారీ గుమ్మంలో ఆవిడ చెవులు మూసుకోవడం. సాయంత్రం దాకా ఇలా వింటే నాకూ బావగారి గొంతులాగే వినిపించేట్టుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పటికే వినిపిస్తోంది.

ఏదైనా లేవనప్పుడు కొత్తగా పెట్టింది తీసేసి పాతది పెట్టి చూడమని మాకు పాఠం. అలాగే పాత కార్డూ, పాత తెరా తగిలించాను. 'కిక్' మంది. ఆకుపచ్చ అక్షరాలు గబగబా పడ్డాయి. వాటి చివర, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాట ఒకటి పడింది. 'చేతులు కడుక్కున్నారా అండీ?'

అది బావగారి చమత్కారం. నూనె జంతికలు తింటూ వచ్చి అదే చేత్తో మీటలు నొక్కే పిల్లల కోసం, మిషను లేవగానే ఆ మాట అడిగేలా పెట్టుకున్నారు. ఆయన పోయాక మొదటిసారి అది మళ్ళీ అడిగింది. నేను గబుక్కున తిరిగి అక్కని చూశాను. అక్క తెరకేసి చూస్తూ, ఎదురుగా మనిషి ఉన్నట్టే, "ఆయ్, కడుక్కున్నానండీ" అంది.

అత్తయ్యగారికి ఇంగ్లీషు అక్షరాలు రావు. కానీ అసలు సంగతి ఆవిడ చటుక్కున పట్టేశారు. "పాతది పెడితే లేచింది. కొత్తది పెడితే ఏడుస్తోంది. అంటే కొత్తదానికే కదమ్మా ఏదో అయింది? సంతకం ఎవరు పెట్టేరు? పెట్టె ఎవరు విప్పేరు? నువ్వొచ్చేదాకా ఆగమని మీ అక్కతో అన్నానా లేదా?" ఆవిడ అరవలేదు. నీరసంగా అన్నారు. అరిచినా నేను ఓ మాట అనేదాన్ని. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు.

నేను కొత్త కార్డుని ఊడదీసి, వెలుతురు కోసం అరుగు మీదకి తెచ్చుకుని కూర్చున్నాను. ఆ కార్డుకి అడుగున బంగారు పూతతో సన్నటి గీతలు వరసగా ఉంటాయి. డబ్బాలో ఉన్న సందులోకి దిగి కరెంటు అందుకునేవి అవే. వాటి మీద వేలు పెట్టి రాశాను. నున్నగా ఉండాల్సింది గరగరలాడింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పసుపు.

బంగారం మీద పసుపు రాస్తే కంటికి ఎలా ఆనుతుంది? ఎండిపోయి, పూతలో పూతలా కలిసిపోయింది. దాని మధ్యలో ఎక్కడో, చూసీచూడనట్టు, ఇంత కుంకుమ. నేనైతే అక్కడ పెట్టలేదు. ఈ ఇంట్లో ఇంకెవరు పెట్టారో అడగక్కర్లేదు.

అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. "నేనేనే" అంది మెల్లిగా. "పార్సెల్ వచ్చిన రోజే విప్పి పెట్టేను. అత్తయ్య నిద్రపోతుంటే. ఆయన తెప్పించుకున్నది కదే, నా చేత్తో పెట్టాలనిపించింది. ఎక్కడ పెట్టాలో తెలీలేదు. ఆ బంగారపు వరస చూస్తే బండారులంక చీరకి జరీ అంచులా ఉంది. పైకి కనపడకూడదు కదా అని అక్కడ పెట్టేను."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఎవరి మీద కోపమో తెలియలేదు. బొట్టు పెట్టడానికి మొగుడి వస్తువు మీద కూడా దొంగతనంగా చోటు వెతుక్కోవాలా మనిషి! నా సంచిలో పెన్సిలు రబ్బరు ఉంటే తీసి, కాగితం పరుచుకుని, గీతల మీద రుద్దడం మొదలుపెట్టాను. కాగితం మీద పచ్చటి పొట్టు రాలుతోంది. అక్క ఆ పొట్టునే చూస్తోంది.

"అయితే నా చెయ్యేనన్నమాట" అంది.

"నీ చెయ్యేంటే, నా తలకాయ! అది పసుపు. పసుపు అడ్డుంటే కరెంటు పోదు. ఎవరు పెట్టినా ఇంతే. కలెక్టరు పెళ్ళాం పెట్టినా ఇంతే."

"నువ్వూ పెట్టేవు కదే పొద్దున్న. దానికేం కాలేదుగా?"

"నేను పైన పెట్టాను, నువ్వు గీతల మీద పెట్టావు. అంతే తేడా."

"అక్కడే పెట్టాలని నాకే ఎందుకు తోచింది మరి?"

ఆ సంగతి నా పాఠాల్లో ఎక్కడా లేదు. రుద్దుతూ ఉండిపోయాను. ఇంతలో వెనక అలికిడైంది. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి కాగితం మీద పొట్టు చూస్తున్నారు. ఆవిడకి అంతా అర్థమైపోయింది. లోపలికి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. అక్క రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

కార్డు తళతళలాడేదాకా తుడిచి మళ్ళీ పెట్టాను. స్విచ్ మీద వేలు పెట్టేముందు నాకో పిచ్చి ఆలోచన వచ్చింది. ఇప్పుడు లేస్తే మా అక్క చేతిదే తప్పని తేలిపోతుంది. లేవకపోతే గది పోతుంది. ఏది కావాలని దణ్ణం పెట్టుకోవాలి నేను? ఏమీ అనుకోకుండానే నొక్కేశాను.

'కూఁ... కిక్, కిక్.'

అయిపోయింది, ఎరువుల బస్తాలు వచ్చి పడతాయి ఈ గదిలో అనుకుంటూ తల పట్టుకున్నాను. పక్కన నవ్వు వినిపించింది. చూస్తే అక్క. కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి, నవ్వుతోంది.

"లేవలేదే! తుడిచేసినా లేవలేదు! అయితే నా చెయ్యి కాదు కదే? కాదు కదా?" అంటూ నా భుజాలు పట్టుకుని ఊపేస్తోంది. "మళ్ళీ వెయ్యవే, మళ్ళీ వెయ్యి." మళ్ళీ వేశాను. మళ్ళీ మూలిగింది. బావగారు పోయాక మా అక్క మొహంలో అంత సంతోషం నేను చూడలేదు. గది పోతుందన్న ధ్యాసే లేదు మహాతల్లికి. నేను తనని పట్టుకుని భోరుమన్నాను.

ఏడుపులయ్యాక అక్క కొంగుతో మొహం తుడుచుకుని డబ్బాలోకి వంగి చూసింది. పాఠం చెప్పిన మనిషి కదా, బుర్ర పనిచెయ్యడం మొదలైంది. "పాతది ఉంటే లేస్తోంది. పాతది లేకపోతే ఏడుస్తోంది. దానికి ఇంకా పాతదే ఉందని నమ్మకంలా ఉందే. ఉన్నదాన్ని చూసుకోవడం లేదు. లేనిదాన్ని వెతుక్కుంటోంది."

ఆ మాటతో నాకు ఠక్కున వెలిగింది. నేర్చుకునే రోజుల్లో మా సారు ఒకసారి చూపించారు. లోపలి పెద్ద పలక మీద గోరంత స్విచ్చులు కొన్ని వరసగా ఉంటాయి. తెర ఏ రకమో, ఆకుపచ్చదో, రంగులదో, మిషనుకి చెప్పాల్సింది వాటితోనే. కార్డు మార్చి వాటిని మార్చకపోతే అది పాత తెర కోసమే వెతుకుతుంది, దొరక్క కూత పెడుతుంది. పొద్దుట్నించీ చేసిందంతా అదే. అక్క జడలోంచి పిన్ను లాగి, దాని కొసతో రెండు స్విచ్చుల్ని ఇటు నుంచి అటు జరిపి, మళ్ళీ మిషను వేశాను.

'కిక్.'

తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి. ఆయన ప్రశ్న కూడా పడింది. నేను చిన్న ప్రోగ్రాము ఒకటి కొట్టి నడిపించాను. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఊదా పట్టీలు తెర నిండా పరుచుకున్నాయి. ఆ వెలుగు గోడ మీద, కొక్కేనికున్న చొక్కా మీద పడింది. 'కిక్' మన్న చప్పుడుకి అత్తయ్యగారు కూడా వచ్చారు. మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం.

అత్తయ్యగారే ముందు తేరుకున్నారు. "చూసేవామ్మా, ఆ పసుపు తుడిచేసేక గానీ లేవలేదు" అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "ఏంటండీ మీరనేది? తుడిచేశాక కూడా మూలిగిందా లేదా? మీ చెవులతో మీరు విన్నారా లేదా? విని లోపల ఏడ్చారా లేదా? ఏం మారిస్తే లేచిందో చూడండి, ఇదిగో, ఇక్కడ, రండి!" అని ఆవిడ చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఆవిడ ఎదురుగానే మిషను ఆపి, ఆ స్విచ్చుల్ని వెనక్కి జరిపి వేశాను. మూలిగింది. మళ్ళీ ఆపి, ముందుకి జరిపి వేశాను. లేచింది. "మళ్ళీ చూస్తారా?" అని మళ్ళీ చేశాను. "ఇందులో మా అక్క చెయ్యి ఎక్కడుందో చూపించండి!"

పెద్దావిడతో అలాగేనా మాట్లాడ్డం అని అక్క నన్ను గిల్లింది. అత్తయ్యగారు మాత్రం కోపం తెచ్చుకోలేదు. తెరకేసీ, ఆ బుల్లి స్విచ్చులకేసీ చాలాసేపు చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి, దేవుడి గూట్లో ఉన్న కుంకుమ భరిణె పట్టుకొచ్చారు. వేళ్ళు తగలకుండా కొంగుతో పట్టుకుని తెచ్చారు. నాకివ్వలేదు. తిన్నగా అక్క ముందు పెట్టారు.

"నీ మొగుడి వస్తువు. నువ్వే పెట్టమ్మా" అన్నారు. "నేను అన్నదేదీ మనసులో పెట్టుకోకు. పెట్టు."

నేను గెలిచాననుకున్నాను. నిజంగా అనుకున్నాను. అక్క చెయ్యి చాపింది. ఉంగరం వేలు కుంకుమలో అద్దుకుంది. ఆ వేలు మానిటరు దాకా వెళ్ళింది. రంగులన్నీ ఆ వేలి మీద పడుతున్నాయి. అక్కడే ఆగిపోయింది. అక్క చెయ్యి వెనక్కి తీసేసుకుని, కుంకుమ వేలిని కొంగుకి గట్టిగా తుడిచేసుకుంది.

"వద్దత్తయ్యా" అంది. "మళ్ళీ ఆగిపోతే?"

గది అక్కకే ఉండిపోయింది. ఎరువుల కొట్టు రాలేదు. ఆడపిల్లల బ్యాచి, మగపిల్లల బ్యాచి, బ్యాంకు పరీక్షలకి వెళ్ళేవాళ్ళ బ్యాచి, అన్నీ నడిచాయి. అక్క పాఠం చెబితే రానివాళ్ళకి కూడా వచ్చేదని పేరు. చాలా రోజుల తర్వాత నేను మళ్ళీ వెళ్ళాను. దిగేసరికి ముసురు. రోడ్ల మీద మోకాల్లోతు నీళ్ళు. పిల్లలు ఒక్కరూ రాలేదు. వీధి గదిలో నల్లటి తెర ముందు అక్క, గుమ్మంలో అత్తయ్యగారు ఊరికే కూర్చుని ఉన్నారు.

"కరెంటు లేదా?" అని అడిగాను.

"ఉందమ్మా" అన్నారు అత్తయ్యగారు. "పొద్దున్నే వచ్చిన పిల్లెవరో స్విచ్ వేస్తేనే గానీ మీ అక్క మొదలెట్టదు. తన చేత్తో వెయ్యదు. రోజూ ఇంతే. నేనైనా వేద్దామనుకుంటే, నా చెయ్యీ అలాంటిదే కదమ్మా. ఎవరైనా వస్తారేమోనని ఇద్దరం చూస్తున్నాం."